గాంధారం ఎవరిది? తిరుపతిలో నడివయసు వాద్యకారుల ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్: ఒక కేస్ స్టడీ

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పాతికేళ్లకు పైగా వాయిస్తూ, పాడుతూ వచ్చిన ఐదుగురు కలిసి సొంత తెలుగు పాటలతో ఒక ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. సౌండ్ ఇంజనీరుగా, అరేంజరుగా వారితో నేను చేసిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఐదుగురూ నలభై ఐదు దాటినవారే. వారి అనుమతితోనే రాస్తున్నాను గానీ పేర్లు చెప్పకుండా వాద్యాన్ని బట్టే ప్రస్తావిస్తాను. కుర్రవాళ్ల బ్యాండ్లు స్టూడియోకు వస్తే ఎదురయ్యే ఇబ్బంది వాయించడం సరిగా రాకపోవడం. ఇక్కడి ఇబ్బంది దానికి తలకిందులు. పాటలో ఎక్కడ కాస్త సందు దొరికినా దాన్ని అందంగా నింపేయడం ఈ ఐదుగురికీ వెన్నతో పెట్టిన విద్య. ఎవరు ఏం వాయించాలో చెప్పవలసిన అవసరం నాకు ఏనాడూ రాలేదు. ఎవరు ఏది వాయించకూడదో తేల్చడానికే కాలమంతా పట్టింది.

గిటారిస్టు చిత్తూరులో చర్చి క్వయర్‌తో మొదలుపెట్టి, తొంభైల నుంచి ఆర్కెస్ట్రాల్లో లీడ్ గిటార్ వాయిస్తున్నారు. ఇప్పుడు ఆయన వయసు 52. కీబోర్డు వాయించే ఆయనకు సొంత ఆర్కెస్ట్రా ఉంది. పెళ్లి రిసెప్షన్లు, వినాయక చవితి పందిళ్లు, గంగ జాతర కార్యక్రమాలు ఆయన జీవనాధారం. డ్రమ్మర్‌ది దామలచెరువు, మామిడి మండీ ఉన్న కుటుంబం. ఆయన చాలా ఏళ్లుగా ప్యాడ్స్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ పలకలు) మాత్రమే వాయిస్తున్నారు, అసలైన డ్రమ్ కిట్ ముందు కూర్చోవడం పెళ్లికి ముందే మానేశారు. బేస్ గిటార్ ఆయన రేణిగుంటలో రైల్వే ఉద్యోగి, ఛందస్సు మీద పట్టు ఉన్న మనిషి, పాటలన్నీ ఆయనే రాస్తారు. గాయని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకుని, స్కూల్లో సంగీతం చెబుతూ, ఐదు శ్రుతిలో (హార్మోనియం ఐదో తెల్ల మెట్టు ఆధారంగా) కచేరీలు చేస్తారు.

ఆర్కెస్ట్రా చదువు ఎలాంటిదో తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. ఆర్కెస్ట్రాలో అన్నిటికన్నా పెద్ద మెప్పు "అచ్చం క్యాసెట్లో ఉన్నట్టే ఉందన్నా" అనే మాట. యాభై మంది వాయిద్యకారులతో మద్రాసులో రికార్డు చేసిన పాటను నలుగురు వేదిక మీద నిలబెట్టాలంటే, కీబోర్డు ఆయన ఎడమ చేత్తో బేస్, కుడి చేత్తో వయొలిన్లు, మధ్యలో ఫ్లూట్ బిట్టు వాయించక తప్పదు. గిటారిస్టు కూడా వీలైన చోటల్లా సితార్ బిట్టునో, వీణ బిట్టునో అందుకుంటారు. అలా వాయించగలగడం చిన్న విద్య కాదు. అయితే, ముందే రికార్డై ఉన్న పాటను పునర్నిర్మించడానికి అలవడిన నైపుణ్యం అది. ఎవరూ ఇంతకు ముందు వినని పాట ఎదురైనప్పుడు ఆ చేతులు ఆగవలసిన చోటు వాటంతట అవే వెతుక్కోలేవు.

ఆల్టర్నేటివ్ రాక్ ఎంచుకోవడానికి వీరికున్న కారణం సూటిగానే ఉంది. 1980లలో అమెరికాలో కాలేజీ రేడియో స్టేషన్లు, చిన్న రికార్డు కంపెనీల చుట్టూ పెరిగిన ఈ సంగీతంలో వేగంగా వేళ్లు ఆడించే గొప్పకన్నా పాట స్వభావానికే విలువ ఎక్కువ. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే యూనివర్సిటీ ఊళ్లో 1980లో మొదలైన ఆర్.ఇ.ఎం., బోస్టన్‌లో 1986లో పుట్టిన పిక్సీస్ వంటి బృందాలు ఈ దారి వేశాయి. పల్లవికి ముందు గుసగుసలా నడిచి, పల్లవిలో ఒక్కసారిగా విరుచుకుపడే పద్ధతిని పిక్సీస్ స్థిరపరిస్తే, 1991లో నిర్వాణా బృందం దాన్ని ప్రపంచం నలుమూలలకూ చేర్చింది. మన దేశంలో 1990లో ఢిల్లీలో మొదలైన ఇండియన్ ఓషన్, మలయాళంలోనే పాడిన కేరళ బృందం అవియల్ మన భాషలు రాక్‌లో ఒదుగుతాయని చూపించాయి. యౌవనంలో ఇలాంటి సంగీతాన్ని క్యాసెట్లలో విన్న మన ఐదుగురికీ అలా వాయించే వేదిక మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

చోటు, కాలం

సాధన ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్న మన జిల్లాల్లో సంగీతం కన్నా పంచాంగం మీద ఎక్కువ ఆధారపడుతుంది. ముహూర్తాలు ఉన్న నెలల్లో కీబోర్డు ఆయనకు, గిటారిస్టుకు, డ్రమ్మర్‌కు తీరిక ఉండదు. మూఢం వస్తేనే వారికి విశ్రాంతి. ఆషాఢంలో అందరూ ఖాళీయే, కానీ సాధనకు అనుకున్న డ్రమ్మర్ గారి మామిడి షెడ్డు అప్పుడు తోతాపురి కాయలతో నిండి ఉంటుంది. కాయ అయిపోయాక షెడ్డు దొరుకుతుంది గానీ, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే రేకుల మీద పడే చినుకుల మోతలో స్నేర్ డ్రమ్ కూడా వినబడదు. అందుకే సాధన కొన్నాళ్లు షెడ్డులో, వానాకాలంలో నా స్టూడియోలోని చిన్న గదిలో సాగింది. ఈ రెండు చోట్ల ధ్వని గుణం పూర్తిగా వేరు, ఆ తేడా పాటల రూపాన్నే మార్చింది. దాని గురించి కింద చెబుతాను.

మొదటి పాట విన్నప్పుడు

పాట ఖరహరప్రియ అనే కర్నాటక రాగం ఛాయలో ఉంది. బేస్ ఆయన రాసిన మాటలకు గాయని వరుస కట్టారు. షెడ్డులో ఐదుగురూ కలిసి వాయించగానే వినిపించింది పెద్ద హోరు మాత్రమే. రెండో చరణం దగ్గర గాయని పాడటం ఆపి, గిటారిస్టు వైపు తిరిగి, "అన్నా, నేను పాడేదానికి సందెక్కడుంది?" అని అడిగారు. ఆయన నొచ్చుకోలేదు. వాల్యూమ్ తగ్గించారు, అయినా హోరు తగ్గలేదు. ఎందుకంటే అక్కడి తగాదా శబ్దం మోతాదుది కాదు.

నేను ఒక్కొక్కరినీ విడివిడి ట్రాకుల మీద రికార్డు చేసి, ఒక్కో ట్రాకు మూసివేస్తూ అందరికీ వినిపించాను. ఇది ఏ స్టూడియోలోనైనా చేయగల పని, మాటలతో నచ్చజెప్పడం కన్నా వందరెట్లు మేలు. రెండు చోట్ల రద్దీ తేలింది. 80 నుంచి 250 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల లెక్క) మధ్య, అంటే లోతైన శబ్దాల పరిధిలో, బేస్ గిటారు, కీబోర్డు ఎడమ చేయి, గిటారు లావు తీగలు, కిక్ డ్రమ్ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య గిటారు డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని బరకగా మార్చే ఎఫెక్ట్), కీబోర్డు వయొలిన్ల శబ్దం, డ్రమ్స్ తాళాల (సింబల్స్) మోత కలిసి గాయని పలికే హల్లులను మింగేస్తున్నాయి. మాట స్పష్టంగా తెలియడానికి హల్లులే ఆధారం, అవి ఎక్కువగా ఈ పరిధిలోనే ఉంటాయి. కీబోర్డు ట్రాకు మూయగానే మాట బయటపడింది. ఆ నిశ్శబ్దం ఆయనకు ఎంత కష్టం కలిగించి ఉంటుందో నేను ఊహించగలను, ఆయన మాత్రం "అయితే నేను ఇంటికి పోతా" అని నవ్వి, మళ్లీ మొదటి నుంచి వేయమన్నారు.

గాంధారం తగాదా

అసలు చిక్కు అంతకన్నా లోపల ఉంది. ఖరహరప్రియలో సాధారణ గాంధారం (ఈ రాగంలో పలికే 'గ') స్థిరంగా నిలిచే స్వరం కాదు, గాయని దాన్ని రిషభం ('రి') నుంచి ఊపుతూ పలుకుతారు. గిటారిస్టు మాత్రం మైనర్ కార్డ్ (ఒకేసారి మోగే మూడు స్వరాల గుంపు) పట్టుకుంటున్నారు, అందులో గాంధారం కదలకుండా మోగుతూ ఉంటుంది. కీబోర్డులోనూ అదే కార్డు. ఒకవైపు ఊగే గాంధారం, మరోవైపు బిగుసుకుపోయిన రెండు గాంధారాలు. దీనికి తోడు డిస్టార్షన్ వేసిన గిటారులో రెండు స్వరాలు కలిస్తే వాటి మొత్తాలు, భేదాలు కూడా కొత్త శబ్దాలుగా పుడతాయి. షడ్జమ పంచమాల ('స', 'ప') మధ్య అవి పొందికగా కూర్చుంటాయి, గాంధారం చేరితే గరగరలాడతాయి. గాయనికి కలిగిన ఇబ్బందిని గిటారిస్టు "కర్నాటక సంగీతానికి, రాక్‌కు పడదు" అనే పాత మాటతో ముగించబోయారు. ఆ మాట నేను ఒప్పుకోలేదు.

రాక్‌లో పవర్ కార్డ్ అనేదానిలో షడ్జమం, పంచమం, పై షడ్జమం తప్ప మరేమీ ఉండవు. అంటే తంబూరా పలికేదే. గిటారిస్టును పాట పొడవునా పవర్ కార్డులకే పరిమితం కమ్మని, కీబోర్డు ఆయనను గాంధారం ఉన్న ఏ కార్డూ పట్టవద్దని కోరాను. గాంధారం గాయనిది, ఇంకెవ్వరూ ముట్టుకోకూడదు. ఈ ఒక్క నిబంధనతో హోరు సగానికి సగం తగ్గింది. గిటారు ఎంత బిగ్గరగా మోగినా గాయని గమకం (స్వరాన్ని ఊపి పలికే తీరు) విడిగా, తేటగా వినిపించింది. తర్వాత కట్టిన పాటలన్నిటికీ వారు మొదట అడుగుతున్న ప్రశ్న ఇదే: ఈ పాటలో గాంధారం ఎవరిది? ఒక పాటలో దాన్ని బేస్‌కు ఇచ్చారు, గాయని అక్కడ దాన్ని వదిలేసి పాడతారు.

శ్రుతి విషయంలో గిటారు తీగలన్నిటినీ అర స్వరం దింపాం. లావు తీగ 'ఈ' (E) స్వరం నుంచి ఈ-ఫ్లాట్‌కు వచ్చింది, మన లెక్కలో రెండున్నర శ్రుతి. ఐదు శ్రుతి గొంతుకు రెండున్నర అంటే మొదట వింతగా తోస్తుంది. కానీ ఇక్కడ వరుస అంతా మధ్య స్థాయి షడ్జమం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి గాయనికి అది మాట్లాడే గొంతుకు దగ్గరగా వచ్చింది. తీగ కాస్త వదులై, గిటారిస్టు వేళ్లకూ సులువైంది. యాభై దాటిన వేళ్లకు ఇది చిన్న విషయం కాదు.

వానాకాలంలో నా గదిలోకి మారినప్పుడు అదే గాంధారం మరో రూపంలో ఎదురైంది. గది పొడవు 12 అడుగులు. ఎదురెదురు గోడల మధ్య అంత దూరం ఉంటే 47 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దం గదిలో నిలబడిపోతుంది. ఈ-ఫ్లాట్‌కు దింపిన బేస్ గిటారులో లావు తీగ మూడో మెట్టు దాదాపు 46 హెర్ట్జ్, గాంధారాన్ని బేస్‌కు ఇచ్చిన పాటలో ఆ గాంధారం అదే. ఆ స్వరం మీటిన ప్రతిసారీ కిటికీ అద్దం కూడా మోగేది. గోడలకు గోనెపట్టాలు కడితే పోతుందని డ్రమ్మర్ సలహా ఇచ్చారు. పట్టాలు పైస్థాయి శబ్దాన్ని పీలుస్తాయే తప్ప, తరంగం పొడవు ఏడు మీటర్లకు పైగా ఉన్న ఆ స్వరాన్ని ఏమీ చేయలేవు. బేస్ స్పీకర్‌ను మూల నుంచి జరిపాక కొంత తగ్గింది. మిగతాది బేస్ ఆయనే తీర్చారు, ఆ స్వరాన్ని పై స్థాయిలోకి మార్చుకుని.

ప్యాడ్స్ నుంచి డ్రమ్స్‌కు

ప్యాడ్స్ మీద చేతి బలం కన్నా బటను ముఖ్యం. ఎంత గట్టిగా కొట్టినా శబ్దం స్పీకర్‌లో పెట్టిన మోతాదు దాటదు. ఆ అలవాటుతో డ్రమ్ కిట్ ముందు కూర్చుంటే చేయి మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో పడుతుంది, గుసగుసలాంటి చరణానికి ఆ చేతిలో చోటు ఉండదు. నెమ్మదిగా కొట్టమని చెప్పి ఊరుకుంటే ఏ డ్రమ్మరూ మారడు. సన్నని పుల్లల కట్టల్లా ఉండే రాడ్స్ ఇచ్చి, చరణాలు వాటితోనూ, పల్లవి కర్రలతోనూ వాయించమన్నాను. కొంతకాలానికి కర్రలతోనే రాడ్స్ అంత మెత్తగా వాయించడం ఆయన చేతికి పట్టుబడింది.

తాళం విషయంలో ఆయన చేసిన పని ఈ మొత్తం కేసులో నాకు అన్నిటికన్నా నచ్చినది. పల్లవి ఇలా మొదలవుతుంది:

చెప్పలేదెవ్వరూ
చీకటే పడ్డదని

ఐదేసి మాత్రల గణాలు, ఖండగతి. కీబోర్డు ఆయన దీన్ని నాలుగు లెక్కకు సాగదీద్దాం, జనం చప్పట్లు కొట్టడానికి బాగుంటుందన్నారు. సాగదీసి చూస్తే "ఎవ్వరూ" కాస్తా "ఎవ్వరూఊఊ" అయి, సినిమా విషాద గీతం వాసన వేసింది. ఐదు లెక్కనే ఉంచి, కిక్ డ్రమ్‌ను మొదటి మాత్ర మీద, స్నేర్‌ను నాలుగో మాత్ర మీద పెట్టాం. "చెప్పలే"లో నాలుగో మాత్ర దగ్గర "లే" వస్తుంది, "దెవ్వరూ"లో "రూ", "చీకటే"లో "టే". మూడూ గురువులే కనుక దెబ్బ బరువును మోస్తాయి. "పడ్డదని"లో మాత్రం ఆ చోట "ద" అనే లఘువు పడుతుంది. దాని మీద స్నేర్ పడితే మాట విరిగినట్టుంటుంది. డ్రమ్మర్ ఎవరూ చెప్పకుండానే అక్కడ చేయి ఎత్తి ఆపేశారు. నాలుగు గణాల్లో మూడింటికి దెబ్బ, చివరిదానికి శూన్యం. ఆ శూన్యంలో గాయని గొంతు ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు వినేవారికి పాటలో గుర్తుండిపోతున్నది అక్కడే. బేస్ ఆయన రెండో చరణంలోనూ పాదాంతం సరిగ్గా అలాగే వచ్చేలా మాటలు మార్చి రాశారు.

మన ద్విత్వాక్షరాలు రాక్‌కు బాగా పనికివస్తాయని కూడా ఇక్కడ రూఢి అయింది. చెప్ప, పడ్డ, గట్టి, నొప్పి వంటి మాటల్లో ఒత్తు దగ్గర గాలి ఒక్క క్షణం ఆగి విడుదలవుతుంది. గిటారిస్టు తన అరచేతితో తీగ నొక్కి ఆపే దెబ్బలను సరిగ్గా ఆ ఒత్తుల మీదకు తెచ్చారు. అచ్చుతో ముగిసే భాష రాక్‌కు కుదరదనే వాదన నేను చాలాసార్లు విన్నాను. మాట చివరనే చూసి మధ్యలో ఏముందో చూడనివారి వాదన అది.

వినికిడి

ఈ వయసు బృందంతో పనిచేసే ఎవరైనా మొదటే చేయించవలసిన పని వినికిడి పరీక్ష. గిటారిస్టు తన ఆంప్లిఫయర్‌లో ట్రెబుల్ (పైస్థాయి శబ్దం) ఎప్పుడూ చివరి దాకా తిప్పి ఉంచేవారు. మిగతావారికి చెవులు చిల్లులు పడేవి, ఆయనకేమో ఇంకా చాలదనిపించేది. దీన్ని రుచి భేదమనో, పంతమనో అనుకుంటే గొడవే మిగులుతుంది. పరీక్ష చేయిస్తే 4 కిలోహెర్ట్జ్ దగ్గర వినికిడి బాగా పడిపోయిందని తేలింది. పెద్ద శబ్దాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవారి చెవుల్లో సాధారణంగా మొదట దెబ్బతినే పరిధి అదే. ఆ తర్వాత ట్రెబుల్ ఎంత ఉండాలో నిర్ణయించే బాధ్యత ఆయన తనంతట తానే గాయనికి అప్పగించారు.

షెడ్డులో పల్లవి సమయంలో డ్రమ్మర్ చెవి దగ్గర మీటరు వంద డెసిబెల్స్‌కు పైనే చూపింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్‌కు దక్కేది 15 నిమిషాలే. అందువల్ల ఐదుగురూ సంగీతకారుల కోసం చేసే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని సాధన చేస్తున్నారు. ఇవి అన్ని స్థాయిల శబ్దాన్నీ సమంగా తగ్గిస్తాయి కాబట్టి స్వరం మూగబోదు. దూది పెట్టుకుంటే పైస్థాయి శబ్దం మాత్రమే పోయి, వాయించేవాడు ఇంకా గట్టిగా వాయిస్తాడు.

ఒప్పందం

ఆర్కెస్ట్రాలో యజమాని ఒకరు, మిగతావారికి ప్రోగ్రాంకు ఇంత అని ఇస్తారు. బ్యాండ్‌లో ఆ పద్ధతి చెల్లదని అందరికీ తెలుసు, కానీ ఎవరూ ఆ మాట ఎత్తరు. పేరు పెట్టుకోకముందే కాగితం రాసుకోమని నేను పట్టుబట్టాను. 1957 నాటి కాపీరైట్ చట్టం దృష్టిలో సాహిత్యం ఒక కృతి, సంగీతం మరొక కృతి, సౌండ్ రికార్డింగ్ మూడోది. రచయితకు, సంగీతకర్తకు రావలసిన రాయల్టీ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇతరులకు రాసివ్వడానికి వీలు లేకుండా 2012 సవరణ చేసింది. ఈ ప్రకారం సాహిత్యం బేస్ ఆయనది, సంగీతం ఐదుగురిదీ సమానంగా, రికార్డింగ్ ఖర్చు పెట్టినవారిది అని రాసుకున్నారు. వరుస కట్టింది గాయని కదా, సంగీతంలో ఆమె వాటా ఎక్కువ ఉండాలన్నది నా అభిప్రాయం. ఆమే వద్దన్నారు.

మొదటి ప్రదర్శన

తిరుపతిలో ఒక కాలేజీ ఆవరణలో ఆరుబయట మొదటి ప్రదర్శన జరిగింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు కాబట్టి ఏడు గంటలకే మొదలుపెట్టాం. మైక్‌సెట్ ఆయన మంచి పనిమంతుడు, కానీ గాయని మైకుకు అలవాటు కొద్దీ ఎకో దండిగా పెట్టారు. ఆర్కెస్ట్రాలో ఎకో లేని గొంతు ఆయన దృష్టిలో బట్టలు కట్టుకోని గొంతు. ఎకో ఉంటే "పడ్డదని" దగ్గర వచ్చే ఆ శూన్యం నిండిపోతుందని ఆయనకు పాట ఒకసారి వినిపించి చెప్పాను. ఆయన విని, ఎకో పూర్తిగా తీసేసి, రాత్రంతా మిక్సర్ మీద నుంచి చేయి తీయలేదు.

నాలుగో పాట దగ్గర కుర్రాళ్లు సినిమా పాట అడిగారు. కీబోర్డు ఆయన వేళ్లు ఏదో పరిచయమైన బిట్టు మీదకు వెళ్లడం నేను మిక్సర్ దగ్గర నుంచే గమనించాను. గాయని తల అడ్డంగా ఊపారు, ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఒక్క సినిమా పాట తమ పద్ధతిలో వాయిస్తే తప్పేమీ లేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఈ విషయంలో నలుగురు నాతో ఏకీభవించరు, కీబోర్డు ఆయన మాత్రం ఏమీ చెప్పరు.

ప్రస్తుతం మూడు పాటల రికార్డింగ్ పూర్తయింది. కీబోర్డు ఆయన ఇప్పుడు ఎడమ చేయి దాదాపు వాడరు, రెండో పాటలో పల్లవి వచ్చేదాకా ఒక్క స్వరమూ వాయించరు. అయితే మూడో పాట ముగింపు ఇంకా తేలలేదు. గిటారు ఒక్కటే మోగుతూ ఆగిపోవాలని గిటారిస్టు, ఎవరూ లేకుండా గాయని ఒక్క వాక్యంతో ముగించాలని డ్రమ్మర్ పట్టుబడుతున్నారు. రెండు విధాలుగానూ రికార్డు చేసి పెట్టాను. మిక్సింగ్‌కు ముందు ఐదుగురూ కూర్చుని విని, ఒకటి ఎంచుకోవాలి.